టీచరమ్మ తుమ్మిపూలు

మీ చేలో తేనెటీగల రొద విని ఎన్నాళ్లయింది? తల గోక్కోకండి, జవాబు చెప్పండి. మనల్ని ఈ మాట అడిగే టీచరమ్మ గురువారం తెల్లవారుతూనే ప్రభువునందు నిద్రించారు. మన సంఘంలో సగంమందికి సండే స్కూలు చెప్పిన మనిషి.

మీ పాస్టరునే అయినా, నేను బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. మిరప కళ్లంలో కాపలా కాస్తూ వాక్యం కూడబలుక్కుంటూ చదువుకున్నవాణ్ణి. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. పిల్లల్ని కొండవార చిట్టడవి అంచుకు తీసుకెళ్లి, తుమ్మిపువ్వు కోసి అరచేతిలో పెట్టేవారు. తెల్లగా, బియ్యపుగింజకంటే కాస్త పెద్దది, అంతే. "సొలొమోను రాజు బట్టలు దీని ముందు దిగదుడుపేరా. అదిగో, తేనెటీగ వచ్చింది. జరుగు, దాని వంతు."

అలాంటి మనిషి ఎదుటే నేను నోరు జారాను. ఆదాము పాపంవల్లే నేల ముళ్లు మొలిపించిందనీ, గట్టు మీద కలుపు ఉంచేవాడు శాపాన్ని పెంచుకుంటున్నాడనీ ప్రసంగంలో గర్జించాను. మీరంతా ఆమెన్ అన్నారు. మర్నాడే పత్తి గట్లు, మిరప గట్లు అన్నిటి మీదా కలుపుమందు పడింది. వారంలో తుమ్మి మాడిపోయింది. తేనెటీగలు ఆ ఎండిన కాడల మీద తిరిగి తిరిగి, రావడం మానేశాయి.

ఆ ఏడు కోత పండగకి అందరూ తొలిపంట తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు వేలానికి పెట్టారు. ఏటా గుమ్మడికాయ తెచ్చే టీచరమ్మ ఖాళీ బుట్ట పెట్టారు.

"కాయేదమ్మా?" అన్నాను.

"పూసినన్నీ రాలిపోయాయి అబ్బాయ్. తేనెటీగ వాలందే పిందె ఎట్టా కడుతుంది? ఇదీ నీ ప్రసంగం దిగుబడి. పాడుకో వేలం!"

చర్చి అంతా నవ్వింది. బెల్షస్సరు రాజు గోడ మీద తన తీర్పు రాత చూసినట్టు, నేను ఆ బుట్ట అడుగు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు తుమ్మి మిగిలింది ఒక్క మన సమాధుల తోటలోనే. ఆమెను దించిన గొయ్యి చుట్టూ పూసి ఉంది. మట్టి వేస్తున్నంతసేపూ నాలుగైదు తేనెటీగలు మన కాళ్ల మధ్యే తిరిగాయి. నాలుగైదే.

ఇవాళ పొద్దున కమిటీ పెద్ద కనబడి, "ఆదివారం జ్ఞాపకార్థ కూడిక కదండీ, రేపు పొద్దున్నే తోటంతా మందు కొట్టించేస్తా, శుభ్రంగా ఉంటది" అన్నాడు. పాపం, గౌరవంతోనే అన్నాడు. వద్దన్నాను.

"కలుపు శాపమని చెప్పింది మీరే కదండీ?"

అంటూనే మందు డబ్బాల కోసం వెళ్లిపోయాడు. ఈ శుక్రవారం ప్రార్థనకి వచ్చిన మీకు చెబుతున్నాను, వినండి: నేను తప్పు బోధించాను. పొద్దు గుంకేలోగా పార పట్టుకుని తోటకి రండి. దారి మటుకు చేత్తో చెక్కుదాం, తుమ్మిని వదిలేద్దాం. మనం ముందే శుభ్రం చేస్తే ఇక మందు అక్కర్లేదు, ఆలస్యం చేస్తే రేపటికి పడిపోతుంది. లేవండి, ఇప్పుడే.