అమ్మ పంటికి బంగారు తొడుగు

నా చిన్నప్పుడు మా అమ్మ చచ్చిపోబోతోందని ఒక సంతకూ ఇంకో సంతకూ మధ్య నేనొక్కదాన్నే నమ్మాను. అమ్మకు కూడా ఆ సంగతి తెలియదు.

మాది కర్ణాటకలో, చింతామణి తాలూకా బట్లహళ్ళి దగ్గర పల్లె. మా వైపు రాగిసంగటి నమలరు, పులుసులో అద్దుకుని మింగుతారు. అందువల్ల అమ్మ దవడపన్ను బీట వారి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియలేదు. అనపకాయల కాలంలో వేయించిన గింజలు తింటూ ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే నాన్న పట్టేశాడు. "ఇన్నాళ్ళూ నొప్పి నోట్లోనే దాచిపెట్టుకోనుండావా?" అని కేకలేసి, సంత రోజున బండి కట్టాడు. నన్నూ ఎక్కించుకున్నారు.

బెంగళూరు నుంచి ఒక పళ్ళ డాక్టరు సంత రోజుల్లో చింతామణికి వచ్చిపోయేవాడు. పన్ను పీకక్కర్లేదు, వేరు బాగానే ఉంది, ఇట్లాగే వదిలేస్తే మాత్రం బీట కిందికి దిగి అప్పుడు పీకక తప్పదన్నాడు. పంటిని చుట్టూ కాస్త అరగదీసి, మైనంతో అచ్చు తీసుకుని, వచ్చే సంతకు బంగారు తొడుగు చేసి తెస్తానన్నాడు. అమ్మ తన పాత ఉంగరం తీసి ఇచ్చింది.

నోట్లో బంగారం అనే మాట వినగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. అంతకు కొన్నాళ్ళ ముందే ఆయన పోయాడు. ఆఖరి ఘడియల్లో ఆయన నోట్లో తులసి నీళ్ళు పోసి, చిన్న బంగారు తునక పెట్టడం నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత ఆయన లేవలేదు. పెద్దవాళ్ళంతా కలిసి అమ్మను సాగనంపడానికి సిద్ధపడుతున్నారనీ, నాకు చెప్పకుండా దాస్తున్నారనీ అనుకున్నాను. నాన్న మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాత నాకు తిండి సహించలేదు. అమ్మ యాడికి పోతే అక్కడికి కొంగు పట్టుకుని పోయాను. నీళ్ళకు పోయినా వెంటే, పాలు పిండినా వెంటే. మొదట విసుక్కుంది. తర్వాత ఒక మధ్యాహ్నం రాగులు దంచుతూ దంచుతూ ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమైందమ్మా నీకు? సంగటి కూడా ముట్టుకోవు?"

"నువ్వు తాత మాదిరి పోతావా? నీ నోట్లో బంగారు పెడతారంట కదా."

అమ్మ నవ్వలేదు. రోకలి తిరగేసి, అడుగున కట్టెకు తొడిగిన ఇనుప పొన్ను నా చేత తడిమించింది.

"ఇది లేకుంటే ఏమైతాది?"

"కట్టె చీలిపోతాది."

"నా పన్నూ అంతే. లోపల గట్టిగానే ఉండాది, పైన బీట పడిండాది. పొన్నేస్తే ఇంక చీలదు."

"అట్లయితే ఇనుముదే పెట్టమను."

"నోట్లో ఎప్పుడూ తడే కదమ్మా, తుప్పు పట్టిపోతాది. బంగారు పట్టదు."

నమ్మాను. అయినా భయం పూర్తిగా వదలలేదు. మళ్ళీ సంతకు డాక్టరు తొడుగు అతికిస్తుంటే అమ్మ కొంగు వదలకుండా నిలబడ్డాను. తొడుగు కింద ఉండేది సొంత పన్నే కాబట్టి చిగుళ్ళ అంచు దాకా రోజూ శుభ్రంగా తోముకోమని ఆయన చెప్పాడు. తిరుగు దారిలో బండిలో అమ్మ కునికితే చాలు, ఊపిరి ఆడుతోందో లేదోనని ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఎన్నిసార్లు పెట్టినా ఆమె కళ్ళు తెరిచి "ఉండానమ్మా" అనేది. కసరలేదు.

ఆ పన్ను అమ్మకు ముసలితనం దాకా పనిచేసింది. ఇప్పుడు నేనూ ముసలిదాన్నే. ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు తక్కినవాళ్ళు సంచులు సర్దుకుంటుంటే, నేను పిల్లలెక్కడున్నారో వెతుక్కుంటాను. దగ్గర కూర్చోబెట్టుకుని డాక్టర్లు ఏం చేయబోతున్నారో చెబుతాను, దేనికి భయపడుతున్నారో అడుగుతాను. ఒక్కోసారి వాళ్ళు చెప్పేది వింటే కడుపు పగిలేంత నవ్వొస్తుంది. నవ్వను. ఆ మధ్యాహ్నం అమ్మ నవ్వి ఉంటే, నా భయం ఇంకెవరికీ చెప్పుకునేదాన్ని కాదు.