సలీం పేరుతో నేను పెట్టిన ప్లగిన్

బతికున్న విద్యార్థి చనిపోయాడని మా సైటులో వార్త వచ్చింది. సిరిసిల్లలో అతని తండ్రి నేస్తున్న సాంచె, అంటే మరమగ్గం, ఆపి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆ తప్పు నాది. ఇన్నేళ్లుగా దాన్ని సలీం మీద వేసి, బరువు మాత్రం నేను మోస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాలలో ఒక చిన్న వార్తల సైటుకు నేను డెస్క్ ఇన్‌చార్జిని. కోరుట్ల సలీం సాంకేతిక పని చూసేవాడు. మేం సేవ్ చేసిన వార్తలనూ, అతను మార్చిన కోడునూ సర్వర్ దానంతటదే కలిపి, పేజీ సరిగ్గా తెరుచుకుంటుందో లేదో పరీక్షించేది. నేను అనుమతి నొక్కితేనే బయటికి వెళ్లేది. దానికి ప్లగిన్లు, అంటే అదనపు పని చేసే చిన్న ప్రోగ్రాములు, తగిలించుకోవచ్చు. పరీక్ష నెగ్గినదాన్ని అనుమతి అడగకుండా ప్రచురించే ప్లగిన్ పెట్టమని సలీంతో అన్నాను. బంద్ వార్తల్లో వెనకబడుతున్నామని నా తొందర.

"గా ప్లగిన్ వద్దు సార్. మీ డెస్కోళ్లు సగం రాసినయి గూడ అండ్లనే పడేస్తరు."

"నీ భయానికి ఉద్యమం ఆగుతదా సలీం భాయ్?"

"ఉద్యమం ఆగదు సార్. మన సైటే ఆగుతది," అని నవ్వాడు.

అతను నమాజుకు వెళ్లినప్పుడు, అవసరానికని నమ్మి చెప్పిన అతని పాస్‌వర్డుతో ఆ ప్లగిన్ నేనే పెట్టాను.

పత్రికల్లో ఒక అలవాటుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి చావు వార్త ముందే రాసి ఉంచుకుంటాం. లాఠీ దెబ్బలతో ఆసుపత్రిలో ఉన్న ఆ విద్యార్థి గురించి అలాగే రాసి, పాత అలవాటు కొద్దీ సేవ్ చేశాను. ఫొటో తెరుచుకుంది, పేజీ బాగుంది. మనిషి బతికున్నాడా అని సర్వర్ చూడదు. అనుమతి అడగకుండానే వార్త వెళ్లిపోయింది.

తీసేసేలోపే సిరిసిల్లలో దుకాణాలు మూతపడ్డాయి.

ప్లగిన్ ఎవరు పెట్టారని యజమాని అడిగితే సర్వర్ సలీం పేరే చూపింది. "వానికి తెలంగాణ మీద మనసెక్కడిది?" అన్నారెవరో. నా పక్కనే రోడ్డు మీద బైఠాయించి నినాదాలిచ్చినవాడు సలీం. నేనెందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అదొక్కటే అయితే ఇంత కుళ్లిపోయేవాణ్ని కాదు. అతని మతం చూసి అన్న ఆ పాడు మాట నాకు పనికొచ్చింది, అందుకే ఊరుకున్నాను. సలీం నా వైపు చూశాడు. నేను ఫోన్ చూసుకున్నాను.

విద్యార్థి కోలుకున్నాడు. తెలంగాణ వచ్చింది. ఉద్యోగం పోయిన సలీం దుబాయి వెళ్లాడు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.

ఆ తండ్రి ఇప్పటికీ సలీంనే తిడతాడు. ఆయనకు నేనింకా చెప్పలేదు.