చిన్నాయన ఎత్తు

మొన్న చాంద్రాయణగుట్ట చౌరస్తాలో మా బస్సు పక్కన మిలిట్రీ లారీ ఒకటి ఆగితే, అందులో ఒక్కొక్క జవానూ చార్మినారుకు మేనల్లుడంత పొడుగ్గా కనిపించి, నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు.

మాది కార్వాన్‌లో తరతరాలుగా గుడి అర్చకత్వం చేసే ఇల్లు. గంట కొట్టవలసిన చేత్తో తుపాకి పట్టిన మా నాన్న తమ్ముడు, నాకు మూడేళ్లప్పుడు, మలయాలో జపాను సైన్యంతో పోరాడుతూ చనిపోయాడని తంతి వచ్చింది. శవం రాలేదు. కళ్లతో చూడనిది నమ్మనంది నాయనమ్మ. మనిషి తిరిగి రాకపోతే పన్నెండేళ్లు ఎదురుచూసి, అప్పుడు దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయడం ఆచారమని మన తరం వాళ్లకు తెలిసిందే. ఆ పన్నెండేళ్లూ ఆవిడ రోజూ గడపలో కూర్చుంది. నేను మాత్రం బళ్లో చిన్నాయన చేత పూటకొక జపాను పటాలాన్ని చంపించాను.

గడువు నిండింది. కర్మ జరగకపోతే తమ్ముడికి గతి ఉండదని నాన్న బతిమాలితే, నాయనమ్మ ఎట్టకేలకు ఒప్పుకుంది. మనిషి ఎంత ఎత్తని పురోహితుడు అడిగేసరికి నాన్న కండువాతో కళ్లొత్తుకుంటూ లోపలికి పోయాడు. నేనే ధైర్యంగా, ఏడడుగులకు అంగుళం తక్కువ, దర్వాజాలో వంగి దూరేవాడని చెప్పాను. పాపం, ఆయన మూసీ ఒడ్డున గడ్డిపోచ మిగల్చకుండా కోయించి బొమ్మ కట్టాడు.

నాయనమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఎవడురా గీడు?"

"మీ చిన్నకొడుకేనమ్మా," అన్నాడు పురోహితుడు.

"గింత పొడుగోణ్ణి నేను కనలే. ఎవనికో కర్మ చేస్తున్నరు మీరు. నా కొడుకు వస్తడు!"

వెనక్కి తిరిగింది. నాన్న ఆవిడను ఒప్పించడానికి పడ్డ ప్రయాసంతా నా నోటి దురద వల్ల మూసీలో కలిసేలా ఉంది. పరుగెత్తి కాళ్లు పట్టుకున్నాను.

"నాయనమ్మా, నాకేం తెల్వదే. గప్పాలు కొట్టిన. ఎంతుండెనో నువ్వే చెప్పు."

ఆవిడ నన్ను తేరిపార చూసి, అరచేతిని తన చెవి దగ్గర అడ్డంగా పెట్టింది.

"గింతే ఉండె. మడిమెలెత్తి నిలవడి పటాలంల చేరిండు, దొంగ."

పురోహితుడు కట్లు విప్పి, కోసి, మళ్లీ కట్టాడు. ఆవిడ బొమ్మను పక్కన నిలబెట్టుకుని చూసి, తల నిమిరింది.

"ఆఁ, వీడే. ఇగ తీస్కపోండ్రి."

ఇప్పుడు మనిషి గంట ఆలస్యమైతే ఊరంతా ఫోన్లు మోగుతాయి, ఒక్కొక్కరికి వందల ఫోటోలు. చిన్నాయనకు ఒక్కటీ లేదు. లోకంలో దేన్నైనా నాలుగింతలు చేసి చెప్పే నేను ఆయన ఎత్తును మాత్రం అంగుళం పెంచను. నాయనమ్మ చెవి దాకా, అంతే. ఆ చెవి ఎంత ఎత్తున ఉండేదో చూపించడానికే ఇప్పుడు ఆవిడ లేదు.