కూర్చుంటుందన్న మనిషి

ఆ సందులో అతన్ని అందరూ జోస్యం అంటారు. చేతులు చూసి చెప్పే జోస్యం కాదు, చిప్పుల జోస్యం. కంప్యూటర్లు బిగించే మనిషి. కింద జిరాక్స్ షాపు, దాని పక్కనుంచి ఒక మనిషి మాత్రమే పట్టే మెట్లు, మెట్లెక్కితే ఎడమ చేతి వైపు అతని షాపు. కుడి వైపు ప్రింటర్లు బాగుచేసే ఆయన. ఆయన్ని ఇంకు అంటారు, ఎందుకో ఆయన వేళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

పనిలో జోస్యానికి వంక పెట్టడానికి లేదు. బల్ల మీద నల్ల రబ్బరు షీటు, పాత మందుబిళ్ళల డబ్బాల్లో సైజుల వారీగా స్క్రూలు, ఒక భూతద్దం, దుమ్ము దులపడానికి రిటైరైపోయిన టూత్‌బ్రష్షులు నాలుగు. కేబినెట్ లోపల వైర్లు జడ అల్లినట్టు కడతాడు. మూత పెట్టేశాక ఎవరూ చూడరని తెలిసినా సరే అలాగే కడతాడు.

వచ్చిన చిక్కల్లా నోటితోనే.

పొద్దున్న షట్టర్ ఎత్తకముందు మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఫోనులో పుకార్లు చదవడం అతని అలవాటు. వచ్చే ఏడాది రాబోయే ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్పు, దాని ఫొటో ఈ ఏడాదే ఎవరో ఎక్కడో వణికే చేత్తో తీసి పెడతారు. ఇంకెవరో ఒక పట్టిక పెడతారు, సగం మసక, సగం కత్తిరింపు. దాని కింద మూడొందల మంది కొట్టుకుంటారు. ఎన్ని కోర్లు, ఎంత వేడి, పాత బోర్డులో కూర్చుంటుందా కూర్చోదా. ఆ పేజీల్లో అంతా "కావొచ్చు", "ఉండొచ్చు" అనే ఉంటుంది. టీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి అతని నోట్లో అది "అట" అయిపోతుంది. మొదటి కస్టమర్ మెట్లెక్కేసరికి ఆ "అట" కూడా రాలిపోతుంది.

"ఇప్పుడు కొనకండి సార్. రెండు నెలలాగండి. కొత్తది దిగుతోంది, కన్ఫర్మ్."

ఇంకు తన గుమ్మంలోంచి పడీ పడీ నవ్వేవాడు. "అమ్ముకునేవాడు కొనొద్దంటాడేంటయ్యా! షట్టరుకి తాళమేసి 'రెండు నెలలాగండి' అని అట్టముక్క తగిలించుకో, పనైపోతుంది."

"నీకేం తెలుసు, రంగునీళ్ళ డాక్టరూ! నాదంతా లోపలి సమాచారం."

ఏ లోపలా లేదు. ఆ కంపెనీల గేటు కూడా అతను చూడలేదు. కానీ నాలుగైదుసార్లు చెప్పింది చెప్పినట్టే జరిగింది, తప్పినవి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, అతను అసలే పెట్టుకోలేదు. ఇంత చెప్పేవాడి ఇంట్లో కంప్యూటర్ మాత్రం పదకొండేళ్ళ నాటిది. ఆన్ చేస్తే మిక్సీలో పప్పు పడినట్టు మోత. ఎప్పటికప్పుడు వచ్చేది ఇంకా బాగుంటుందని ఆగీ ఆగీ అలాగే ఉండిపోయాడు. భార్య దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతుంది.

అసలు కథ వదినగారిది. భార్యకి అక్క. వడ్రంగుల కోసం వంటింటి అలమరాల బొమ్మలు కంప్యూటర్లో గీసిస్తుంది. తలుపు ఎటు తెరుచుకుంటుంది, గిన్నెల అర ఎక్కడ, పై నుంచి లైటు పడితే చెక్క ఎలా మెరుస్తుంది, అన్నీ ఫొటో తీసినట్టు చూపిస్తుంది. బొమ్మ గీయడం ఆమె పని, దాన్ని మెరిసేలా తయారుచేయడం మెషీన్ పని. మెషీన్ ఎంత గట్టిదైతే బొమ్మ అంత తొందరగా వస్తుంది.

దాదాపు రెండేళ్ళ కిందట ఆవిడ కొత్త కంప్యూటర్ కోసం అతని దగ్గరికే వచ్చింది. పెద్ద ప్రాసెసర్ కొనడానికే సిద్ధపడి వచ్చింది. జోస్యం ఊరుకోలేదు.

"వదినా, ఇప్పుడు పెద్దది దండగ. చిన్న ప్రాసెసర్ వేయించుకోండి. బోర్డు మాత్రం ఇది తీసుకోండి. వచ్చే తరం చిప్పు కూడా దీని మీదున్న ఈ సాకెట్లోనే, ఈ గూట్లోనే కూర్చుంటుంది. అది రాగానే పాతది తీసి కొత్తది పెట్టేయడమే, పది నిమిషాల పని."

"నిజంగా కూర్చుంటుందా మరిదిగారూ?"

"కూర్చుంటుందా ఏంటి! కూర్చోబెట్టే పూచీ నాది."

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర భార్య అడిగింది, "అది కంపెనీవాళ్ళు చెప్పారా, మీరు చెప్పారా?" అని. "ఇంకో ముద్ద వెయ్యి" అన్నాడు.

ఆ కూర్చుంటుందన్న మాట ఎక్కడిదంటే ఒక మసక ఫొటో. అంతే.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో ఫొటో వచ్చింది. కొత్త చిప్పు అడుగుభాగం. చుక్కలు ఎక్కువున్నాయి, అంచున ఉండే గాట్లు వేరే చోట ఉన్నాయి. అంటే పాత బోర్డులో పట్టదు. జన్మలో ఏ పుకారునీ కాదనని మనిషి ఆ పూట మొదటిసారి "ఛ, ఇవన్నీ ఎవడో కల్పించినవి" అన్నాడు. ఇంకో వారానికి ఇంకో ఫొటో. అదీ నమ్మలేదు. చివరికి కంపెనీయే స్వయంగా ప్రకటించింది. కొత్త సాకెట్, కొత్త బోర్డు. ఆ మధ్యాహ్నమే షాపుకొచ్చిన కస్టమర్‌తో "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా కదా సార్" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. ఎదురు గుమ్మంలో ఇంకు తలెత్తి చూసి, మళ్ళీ తన ప్రింటర్ వైపు తిరిగిపోయాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

వదినగారికి మాత్రం చెప్పలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం. ఫోన్ చేస్తే "కస్టమర్ ఉన్నారు వదినా" అని పెట్టేసేవాడు. వాళ్ళింట్లో పిల్లదాని పుట్టినరోజుకి పిలిస్తే తలనొప్పన్నాడు. భార్య ఒక్కతే వెళ్ళొచ్చి, "అక్క మిమ్మల్ని తెగ పొగిడింది. ఎవరో బిల్డరు మొత్తం అపార్టుమెంటు వంటిళ్ళన్నీ దానికే ఇచ్చాడట. కొత్త చిప్పు రాగానే మా మరిది పెడతాడు, అప్పుడు చూడండి అని ఆయనతో అందట" అంది. అతను నీళ్ళు తాగి లేచిపోయాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆవిడే మెట్లెక్కి వచ్చేసింది. వెనకాల ఆటో ఆయన కేబినెట్ మోసుకొచ్చాడు. ఆవిడ చేతిలో గుడ్డ సంచీ. బల్ల ముందు ఇద్దరు కస్టమర్లున్నారు. ఇంకు టీ తాగుతూ గుమ్మంలోనే ఉన్నాడు.

"మీరు ఫోనెత్తితేగా! ఇక నేనే కొనేసుకొచ్చా" అంటూ సంచీలోంచి డబ్బా తీసింది. కొత్త ప్రాసెసర్. సీలు కోసేసి ఉంది. "ఎలా ఉంటుందో చూద్దామని ఆత్రం ఆపుకోలేక తీసేశా. బుజ్జిగా ఉంది మరిదిగారూ, బిస్కెట్టంత లేదు!"

సీలు తెరిస్తే ఎవరూ వెనక్కి తీసుకోరు. అతని కళ్ళు ఆ కోసిన సీలు మీదే ఉండిపోయాయి.

"ఇంకో తమాషా వినండి" అంది ఆవిడ అందరికీ వినబడేలా. "ఆ మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపు లేదూ, అక్కడ కళ్ళద్దాలాయన ఒకాయన. మీ బోర్డు ఏదమ్మా అన్నాడు. చెప్పా. ఇది దానిలో కూర్చోదమ్మా అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. మా మరిది ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పనిలో ఉన్నాడు, ఆయన కంటే నీకెక్కువ తెలుసా, తెలీకపోతే నోరు మూసుకుని బిల్లు వెయ్యి అన్నా. షాపంతా మా వైపే చూసింది. పాపం, మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు."

కస్టమర్లు నవ్వారు. ఇంకు నవ్వలేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, ఆవిడ మొహంలో వెలుగు చూసి, వెనక్కెళ్ళిపోయింది. "కూర్చోండి వదినా" అని స్టూలు జరిపాడు.

మూత తీశాడు. ఫ్యాను విప్పాడు. పాత చిప్పు మీద ఎండిపోయిన పేస్టు తుడిచి, దాన్ని బయటికి తీశాడు. మామూలుగా రెండు నిమిషాల్లో అయ్యే పనిని సాగదీసి సాగదీసి చేశాడు, ఈలోగా భూకంపం ఏమైనా వస్తుందేమోనన్నట్టు. కొత్త చిప్పు అంచులు పట్టుకుని సాకెట్ పైన గాల్లో ఆపాడు. గాటు ఒకచోట, దాన్ని పట్టుకునే మొటిమ ఇంకోచోట. తెలిసిందే. తెలిసీ భూతద్దం తీసి సాకెట్లోకి వంగి చూశాడు. వెంట్రుకల్లాంటి పిన్నులు, వేలకి వేలు, ఒక్కటి కూడా వంకర లేకుండా నిలబడి ఉన్నాయి. అతను బిగించిన బోర్డు కదా, అలాగే ఉంటుంది.

వెనక నుంచి కస్టమర్ కూడా మెడ చాపి చూస్తున్నాడు.

"వదినా... ఇక్కడ పిన్ను వంగిపోయింది. అందుకే పట్టట్లేదు."

అన్నది తనేనా అనిపించింది.

ఆవిడ మొహం పాలిపోయింది. స్టూలు మీంచి లేచింది. "అయ్యో... నేనే. నేనే చేశా మరిదిగారూ. మొన్న ఆదివారం దుమ్ముందని మూత తీసి గుడ్డ పెట్టి తుడిచా. లోపల ముట్టుకోవద్దని మీరు చెప్పారు కూడా. బుద్ధి గడ్డి తిని..."

సాకెట్‌కి పైన ప్రాసెసర్, దానిపైన ఫ్యాను. గుడ్డ అక్కడికి పోనే పోదు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు అతను, ఒకరు ఇంకు.

"పర్లేదు వదినా, అవుతుంటాయి" అన్నాడు. క్షమించేశాడన్నమాట! చెయ్యని తప్పుకి ఆవిణ్ణి, పదిమంది ముందు.

"సోమవారం సాయంత్రం బిల్డరుకి చూపించాలి. ఏదో ఒకటి చెయ్యండి. మీరెంత మంచిగా అన్నా నాకు మొహం చెల్లట్లేదు" అని కళ్ళొత్తుకుంటూ మెట్లు దిగిపోయింది.

కస్టమర్లు వెళ్ళాక ఇంకు లోపలికొచ్చాడు. భూతద్దం తీసుకుని సాకెట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, "ఒక్క పిన్ను చూపించవయ్యా" అన్నాడు. జోస్యం రబ్బరు షీటు మీది స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు. ఇంకు టీ గ్లాసు పట్టుకుని తన షాపులోకి వెళ్ళి, రోజూ తెరిచి ఉంచే తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మెషీన్ బాగుచేయడం కష్టమేం కాలేదు. షాపులో కొత్త రకం బోర్డు ఒకటుంది, దానికి సరిపోయే ర్యామ్ ఉంది. ఆ సాయంత్రమే బిగించాడు. చిప్పు చక్కగా కూర్చుంది. బొమ్మ ఒకటి పెట్టి చూస్తే మునుపు ముప్పావుగంట పట్టేది ఏడు నిమిషాల్లో వచ్చింది. ఇంకేం కావాలి? ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. మరిది దేవుడు, వదిన దుమ్ము తుడిచి చెడగొట్టింది, కథ కంచికి.

ఇంటికెళ్తే భార్య మొహం మాడ్చుకుని ఉంది. "అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఆయన చేసిన బోర్డు నాశనం చేశానే అని. ఏమండీ, అంత పెద్ద తప్పు చేసిందా అది?"

అన్నం సగంలో వదిలేశాడు.

ఆదివారం పొద్దున్నే మెషీన్ తీసుకుని వదినగారింటికెళ్ళాడు. ఆవిడ పని గది అంటే వంటింటిని ఆనుకున్న బాల్కనీయే, రేకుల కప్పు. గోడకి చెక్క నమూనా ముక్కలు దారాలకి వేలాడుతున్నాయి. తోడల్లుడు పేపర్ పక్కన పెట్టి ఎదురొచ్చాడు. మెషీన్ ఆన్ అయ్యి మొదటి బొమ్మ రాగానే ఆవిడ చప్పట్లు కొట్టేసింది. మొగుడితో అంది, "చూశారా! నేను పాడుచేసినదాన్ని ఒక్క రోజులో కొత్తది చేసేశారు. ఇక జన్మలో మూత ముట్టుకోను, ఒట్టు."

"నీకు చేతులూరుకోవు కదా" అని తోడల్లుడు నవ్వాడు. "ఆయన కాబట్టి ఏమీ అనలేదు."

"వదినా." ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు, మళ్ళీ అన్నాడు. "వదినా, పిన్ను వంగలేదు."

"ఆఁ?"

"ఏ పిన్నూ వంగలేదు. మీరేం పాడుచెయ్యలేదు. ఆ చిప్పు పాత బోర్డులో కూర్చోనే కూర్చోదు. కూర్చుంటుందని నేనన్నది ఫోన్లో ఎవడో పెట్టిన ఫొటో చూసి. కూర్చోదని నాకు తెలిసి కూడా పది నెలలైంది."

ఆవిడ మౌస్ మీద నుంచి చెయ్యి తీసింది. తెర మీద వంటిల్లు ధగధగా మెరుస్తోంది.

"పది నెలలా?"

"ఊఁ."

"నిన్న నేను ఏడుస్తుంటే కూడా తెలుసా?"

తల వంచుకున్నాడు. తోడల్లుడు మెల్లిగా లేచి వంటింట్లోకెళ్ళాడు, అక్కడ ఏ పనీ లేకపోయినా.

తిడుతుందనుకున్నాడు. తిడితే కాస్త తేలికయ్యేది. ఆవిడ ఆ తెర వైపే చూస్తూ, "నన్ను సరే. ఇంటిమనిషిని. ఆ కళ్ళద్దాలాయన్ని నోరు మూసుకోమన్నాను, అంతమంది ముందు. ఆయన నిజం చెప్పాడు" అంది. "నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మీరు వెళ్ళి చెప్పండి."

మరిదిగారూ అని అనలేదు.

సోమవారం పొద్దున్న పెద్ద షాపు తెరిచేసరికి మెట్ల మీద అతనే ఉన్నాడు. ఆ రోజు ఫోను తియ్యలేదు. కళ్ళద్దాలాయన కౌంటర్ తుడుచుకుంటున్నాడు. మెత్తటి మనిషి. అంతా విని, "ఆవిడా? గుర్తున్నారండీ" అన్నాడు. "తిట్టినందుకేం లేదు, రోజూ ఎవరో ఒకరు తిడతారు. కానీ అంత గట్టిగా చెప్పేసరికి నాకే అనుమానం వచ్చింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నాయన చెప్పాడంటున్నారు, నాకే సరిగ్గా తెలీదేమో అనుకున్నా. ఆ సాయంత్రమే ఇంకొకాయన వచ్చి అదే పాత బోర్డు, అదే చిప్పు అడిగితే... కూర్చుంటుందేమోనండీ, కొందరు కూర్చుంటుందంటున్నారు అన్నాను."

"కొన్నాడా?"

"పట్టుకెళ్ళాడు."

"ఎవరాయన?"

"తెలీదండీ. నల్ల చొక్కా. బిల్లు మీద పేరు వద్దన్నాడు."

కొందరు. ఆ కొందరూ తనొక్కడే.

తిరిగొచ్చి షట్టరెత్తాడు. ప్రాసెసర్ డబ్బా అట్ట చింపి, లావు పెన్నుతో రాసి, మెట్ల పైన అందరికీ కనబడేలా తగిలించాడు. "కొత్త చిప్పు పాత బోర్డులో కూర్చోదు. కూర్చుంటుందని చెప్పింది నేనే. కొనుక్కుని మోసపోయినవాళ్ళు రండి, మార్చి ఇస్తాను."

ఇంకు వచ్చి దాన్ని రెండుసార్లు చదివాడు. ఏదో జోకు వెయ్యబోయి మానేసి, ఒక పక్క వంగి ఉందని మేకు సరిచేసి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తలుపు మళ్ళీ తెరిచి పెట్టాడు.

ఇప్పటికి నాలుగు నెలలు. వదినగారు పనికి సంబంధించి భార్యకి ఫోన్ చేస్తుంది, భార్య అతనికి చెబుతుంది. అట్టముక్క అంచులు నల్లబడ్డాయి. కస్టమర్లు దాన్ని చదివి నవ్వుతారు, నవ్వాక అలవాటుగా అడుగుతారు, "ఇంతకీ వచ్చే ఏడాది ఏమొస్తోంది?" అని.

"తెలీదు సార్" అంటాడు. ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి తలెత్తి చూస్తాడు. నల్ల చొక్కా ఆయన ఇంకా రాలేదు.