కనీసం మూడేళ్ళు

ఆ రోజుల్లో కాలం గురించి నాకు చాలా తెలుసని అనుకునేదాన్ని. ఫిజిక్స్ చదివేవాళ్ళకి కాలమంటే ఒక చిన్న అక్షరం. సమీకరణంలో ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు, అవసరమైతే సున్నా దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆ ధీమాతోనే, బాంబూఫ్లాట్ జెట్టీ మీద, వైజాగ్ షిప్పు అందుకోవడానికి అవతలి ఒడ్డున పోర్ట్‌బ్లెయిర్‌కెళ్ళే ఫెర్రీ ఎక్కబోతూ, "ఈ పీహెచ్‌డీకి ఎన్నేళ్ళు పట్టుద్దమ్మా?" అని నాన్న అడిగితే, "మూడేళ్ళు నానా" అని టకీమని చెప్పేశాను. యూనివర్సిటీ వాళ్ళిచ్చిన కాగితంలో ఆ 'మూడేళ్ళు'కి ముందు 'కనీసం' అని ఒక మాట ఉంది. దాన్ని నేను మింగేశాను. అబద్ధమాడాలని కాదు. నాలాంటి చురుకైనదానికి అది వర్తించదని నా నమ్మకం. (ఎమ్మెస్సీకి రెండేళ్ళని చెప్పి వెళ్ళి, పరీక్షలు వాయిదా పడి, ఒక పేపరు నేను వాయిదా వేసుకుని, రెండున్నరేళ్ళకి తిరిగొచ్చినదాన్ని. అయినా ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.)

నాన్నది చేపల వేట. తాత సిక్కోలు తీరం నుంచి ఈ దీవులకొచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. మా వీధిలో ఆడపిల్ల అంతదూరం వెళ్ళి అన్నేళ్ళు చదవడం అదే మొదలు. "పదిహేడో క్లాసు కూడా అయిపోనాది గదా, ఇంకా ఏటి సదువు?" అని పెద్దలు నాన్నని నిలబెట్టి అడిగారట. నాన్న వాదించే మనిషి కాదు. మూడు వేళ్ళు ఎత్తి చూపించి, "మూడేళ్ళు. బస్. ఆ తరవాత డాక్టరయి వస్తది. అప్పుడు మాటాడదాం" అన్నాడట. ఆ మూడు వేళ్ళ సంగతి నాకు అప్పట్లో తెలీదు. తెలిస్తే కనీసం ఆ 'కనీసం' అయినా పైకి చెప్పి ఉండేదాన్ని.

యూనివర్సిటీలో నా పని ఒక ఉక్కు పెట్టెతో. మంచినీళ్ళ బిందె అంత ఉంటుంది. దాంట్లోంచి గాలంతా తోడేసి, ఆ శూన్యంలో ఒక గాజుబిళ్ళ మీద లోహాన్ని పలచటి పొరలా పరిచి, ఆ పొర గుణాలు కొలవాలి. చెప్పడానికి రెండు వాక్యాలు. మొదటి ఏడాది చదవడంతోనూ, రెండో ఏడాది పెట్టె రావడానికి ఎదురుచూడడంతోనూ గడిచాయి. మూడో ఏడు పెట్టె వచ్చింది, పంపు పెట్టి గాలి తోడడం మొదలుపెట్టాను. గాలి తోడుతుంటే తోడుతున్నంతసేపూ మళ్ళీ ఎక్కడినుంచో లోపలికి వస్తూనే ఉంది. ఎక్కడో సన్నటి కన్నం. దాన్ని పట్టుకునే మిషను మా డిపార్ట్‌మెంటుకి ఒక్కటే ఉండేది. అది మరమ్మతుకి వెళ్ళి, నాలాగే ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికీ చెప్పకుండా అక్కడే ఉండిపోయింది. నేను ఊరుకున్నానా? గాలి ఏ వేగంతో వస్తోందో రోజూ రాసుకున్నాను, గ్రాఫులు గీశాను, కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. కన్నం ఎంత ఉందో చాలా కచ్చితంగా తేల్చాను. ఎక్కడుందో మాత్రం తేలలేదు. ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక సాయంత్రం పంపు ఆపేసి, పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్దేసి, ఇక ఈ చదువు మానేస్తున్నానని మనసులో అనేసుకుని, సెలవు చీటీ రాసిచ్చి, ఇంటికి ఫోన్ చేసి 'వచ్చేస్తున్నాను' అని మాత్రం చెప్పి షిప్పెక్కాను.

సముద్రం మీద మూడు రోజులూ నాన్నకి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఫెర్రీలో టికెట్లు చించే అన్న నన్ను చూసి, "అరే దీదీ, ముబారక్! ఆదివారం మేవందరం వస్తన్నాం" అన్నాడు. ఎక్కడికని అడిగేలోపే ఫెర్రీ బాంబూఫ్లాట్ జెట్టీకి ఆనింది. ఎదురుగా పెద్ద ఫ్లెక్సు. దాని మీద నా ఎమ్మెస్సీ నాటి ఫొటో, చుట్టూ పూల దండ బొమ్మ (ఆ దండ చూస్తే నేను బతికే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చింది), పైన హిందీలో అభినందనలు, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో 'భోజన శాస్త్రంలో డాక్టర్' అని ఉంది. నాన్న పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఫ్లెక్సులు వేసే షాపులో 'భౌతిక శాస్త్రంలో డాక్టర్' అనీ, దాని కింద 'ఆదివారం మధ్యాహ్నం భోజనం' అనీ రాసిచ్చాడట. షాపులో అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చుగానీ చదవడం అక్షరం అక్షరమేనట. రెండు లైన్లూ కలిపేసింది.

ఇంటి దగ్గర అమ్మ నా చెంపలు నిమిరి, "ఏటే ఇలా సిక్కిపోనావు?" అంది. తరవాత నా వెనక దిగుతున్న సామాను చూసి, "సామానంతా తెచ్చీసినావేటే, ఇంక ఎల్లవా?" అంది. నేను వంగి చెప్పుల పట్టీ విప్పుకున్నాను. అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, "మీ అయ్య డోంగీ కాడ ఉన్నాడు, ఎల్లు" అంది. (మా దీవుల్లో చేపల పడవని డోంగీ అంటాం.)

నాన్న ఒడ్డుకి లాగిన డోంగీ పక్కన గొంతుక్కూర్చుని పలకల సందుల్లో నీళ్ళు చొరకుండా నూలు దట్టిస్తున్నాడు. నన్ను చూడగానే లేచి, తారు చేతులతో ముట్టుకోకూడదని ఆగి, మోచేత్తో నా భుజాన్ని తట్టాడు. "మూడేళ్ళన్నావు, మూడేళ్ళకి వచ్చేసినావు. సెబాసు!" అన్నాడు. ఆ మాటతో షిప్పులో కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"అవలేదు నానా."

"ఏటవలేదు?"

"పీహెచ్‌డీ. ఇంకా సగం కూడా అవలేదు. ఇంక అవదు కూడా. మానేసి వచ్చీసేను."

నాన్న చేతిలోని ఉలి ఇసకలో గుచ్చి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉక్కు పెట్టె గురించీ, పంపు గురించీ చెప్పాను.

"ఆ పెట్టిలో ఏటుండాల?" అన్నాడు చివరికి.

"ఏటీ ఉండకూడదు నానా. గాలి కూడా."

"ఏటీ లేకండా సెయ్యడానికా మూడేళ్ళు?"

అది వేళాకోళం కాదు. నిజంగానే అర్థం చేసుకుందామని అడిగాడు. మూడేళ్ళలో నా పరిశోధన గురించి ఎవరూ అంత సూటిగా అడగలేదు. "ఎక్కడో కన్నం ఉంది నానా, దొరకట్లేదు. ఎనిమిది నెల్లయింది" అన్నాను.

"పెట్టి ఎంతుంటది?"

"బిందెడంత."

నాన్న నా మొహం చూశాడు, పక్కనున్న తన డోంగీని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. నవ్వు ఆపుకుందామని ఎంత ప్రయత్నించాడో ఆ మీసం అదురుతుంటేనే తెలిసింది. "బిందెడంత దానికి ఎనిమిది నెల్లా అమ్మా! ఇంతకీ ఎలా ఎతుకుతున్నావు?"

గ్రాఫుల గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని లేచి, బకెట్టుతో సముద్రం నీళ్ళు తెచ్చి డోంగీ లోపల పోశాడు. ఒకటి, రెండు, పది. "నీళ్ళు లోపలికెలా వస్తన్నాయా అని లోపల కూకుని సూస్తే ఎప్పటికీ తెలీదు. నీళ్ళు లోపలే పోసీ, బయట నిలబడు. ఎక్కడ కారుద్దో అదే కన్నం" అన్నాడు. నిలబడ్డాం. కాసేపటికి అడుగు పలక దగ్గర సన్నటి తడి గీత కనిపించింది. నాన్న దాని మీద బొటనవేలు పెట్టి, "ఇదిగో, దొరికిపోనాది. నువ్వు మానీవలిస్తే మానీ, నిన్నెవుడూ ఏటీ అనడు. గానీ కన్నం దొరకలేదని మాత్రం మానీకు. మనింటికి అది బాగోదు" అన్నాడు.

భోజనాలు ఆపడానికి లేదు. అప్పటికే కోనాం చేపలు వచ్చేశాయి, ఆస్టినాబాద్ నుంచి అత్త కుటుంబమంతా మసాలాలు నూరడానికి దిగిపోయింది, మైకు పెదనాన్న (నాన్నకి పెత్తండ్రి కొడుకు; ఆయనకో మైకు సెట్టూ, ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఇంజను పడవా ఉన్నాయి) శామియానా కట్టేశాడు. ఆదివారం మధ్యాహ్నానికి వీధంతా వచ్చింది, మూడు వేళ్ళు చూసిన పెద్దలతో సహా. ఫ్లెక్సుని జెట్టీ దగ్గర్నుంచి తెచ్చి శామియానాకి కట్టారు. పీకెయ్యమని నేను నాన్న చెవిలో గొణిగితే, ఆయన ఒక పాత వల తెచ్చి 'డాక్టర్' అన్న చోట ముద్దగా వేలాడదీశాడు. 'భోజన శాస్త్రంలో' అన్నంతవరకూ మిగిలింది. ఆ రోజు కార్యక్రమానికి అది సరిగ్గా సరిపోయింది కూడా.

నేనే మైకు తీసుకుని నిజం చెప్పాలనుకున్నాను. లేచాను, మైకు పట్టుకున్నాను, "అందరికీ నమస్కారం" అన్నాను, మళ్ళీ "అందరికీ నమస్కారం" అన్నాను. నాన్న వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. జన్మలో ఆయన మైకు పట్టుకోవడం అదే మొదలు. తిరగేసి పట్టుకుంటే పెదనాన్న సరిచేశాడు.

"అందరూ వచ్చినారు, సంతోషం. మా అమ్మాయి ఇంకా డాక్టరవలేదు" అన్నాడు. శామియానా కింద గుసగుసలు లేచాయి. "మూడేళ్ళని నాను సెప్పినాను. తప్పు నాదే. ఆళ్ళ డోంగీలో కన్నం ఉంది. ఎతుకుతంది. దొరికినాక అవుద్ది."

"ఎప్పటికి దొరుకుద్దిరా?" అన్నాడు పెదనాన్న, అందరి తరఫునా.

"నీ ఇంజను ఎప్పటికి బాగవుద్దో సెప్పు, అప్పుడు నాను సెప్తాను."

మైకులో అనేసరికి ఆ మాట జెట్టీ దాకా వినబడింది. మొదట అత్త నవ్వింది, తరవాత ఫెర్రీ అన్న, చివరికి పెదనాన్న కూడా. "కూరలు సల్లారిపోతన్నాయి, కూకోండి" అని నాన్న మైకు పక్కన పెట్టేసి, తనే వడ్డన బకెట్టు పట్టుకున్నాడు. ఆ పూట నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మూడు వేళ్ళు చూసిన పెద్దల్లో ఒకాయన మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "కన్నాలంటే మాటలా! మాదీ ఆరు నెల్లు పట్టింది" అని నన్ను ఓదార్చి వెళ్ళాడు.

సెలవైపోగానే సామానంతా తీసుకుని తిరిగి వెళ్ళాను. ఈసారి పంపు జోలికి పోకుండా, పెట్టె లోపలికి కొంచెం ఒత్తిడితో నైట్రోజన్ నింపి, బయట ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాశాను. ఎనిమిది నెలలు ఏడిపించిన కన్నం దగ్గర పావుగంటలో చిట్టి చిట్టి బుడగలు లేచాయి. పరుగెత్తుకెళ్ళి మా గైడు సారుకి చెబితే ఆయన కళ్ళజోడు తీసి, "ఇది మొదట్లోనే చేసేసి ఉంటావనుకున్నానమ్మా. లాబ్‌లో అందరూ చేసేదేగా" అన్నారు. ఒడ్డున నీళ్ళు పోసిన బకెట్ల సంగతి ఆయనకి చెప్పలేదు. నా గ్రాఫుల పరువైనా దక్కనీ అనుకున్నాను.

ఆ కన్నం పూడ్చాక దానికంటే సన్నటివి ఇంకో రెండు ఉన్నాయని తేలింది. అవి మిషను మరమ్మతు నుంచి వచ్చాకగానీ దొరకలేదు. ఆ తరవాత కొలతలు, కొలతల్లో తప్పులు, తప్పులు దిద్దిన కొలతలు, రాసిన థీసిస్ ఎవరో చదవడానికి పట్టిన కాలం. సెలవలకి వచ్చినప్పుడల్లా ఫెర్రీలో "దీదీ, కన్నం దొరికిందా?" అని అడిగేవారు తప్ప "ఇంకా అవలేదా?" అని ఒక్కరూ అనలేదు. మొత్తానికి ఏడేళ్ళకి నెల తక్కువలో డాక్టర్నయ్యాను. ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, "మీ అయ్య ఏటకెల్లాడు. వచ్చాక సెప్తాను. తిన్నావా?" అంది. ఈసారి ఫ్లెక్సు కట్టలేదు. నాన్న వీధంతా తిరిగి, ఒక్కో ఇంటి ముందూ ఆగి చెప్పి వచ్చాడట.

ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఆ ఆదివారం ఫొటో ఒకటి అత్త దగ్గర దొరికింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు, నాన్న బకెట్టుతో వంగి ఉన్నాడు, వెనక గుంజ దగ్గర ఒక పిల్ల తలొంచుకుని నిలబడి ఉంది, లోకమంతా తన మూడేళ్ళనే లెక్కపెడుతోందనుకుంటూ. నిజానికి ఆ ఫొటోలో దానికేసి చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరి చూపూ చేప ముక్కల మీదే ఉంది. అంత మంచి కోనాం పులుసు మా వీధిలో మళ్ళీ ఎవరూ పెట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. సిగ్గుతో నేను ఆ రోజు ముద్ద ముట్టలేదు. పోయిన ఏళ్ళ గురించి నాకు ఏ బెంగా లేదుగానీ, ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆ పిల్ల రెక్క పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది.