పక్కదారి లేని ఆట

మా అమ్మాయికి వీడియో గేముల కంపెనీలో ఉద్యోగం రాకపోవడానికి కారణం ఆమె ఇంటర్వ్యూలో తడబడటమేనని మా బంధువులంతా నమ్ముతున్నారు. నమ్మించింది నేను. అది అబద్ధం.

తిరుచానూరులో నాకు చిన్న లాడ్జి ఉంది. గదుల కంటే తిరుమల దర్శనం కోసమే నాకు ఫోన్లు ఎక్కువ. ఎవరికో ఒకరికి చెప్పి, అడిగినవాళ్లను త్వరగా లోపలికి పంపించడం నా విద్య. మా బంధువర్గంలో నాకున్న మర్యాదంతా దానిమీదే నిలబడింది.

ఇంజనీరింగ్ అయ్యాక అమ్మాయి బెంగళూరులోని ఒక గేమ్ స్టూడియోకి దరఖాస్తు పెట్టింది. వాళ్లు మార్కులు అడగలేదు. సొంతంగా చిన్న ఆట ఒకటి తయారుచేసి పంపమన్నారు. ఆమె క్యూలైను ఆట చేసింది. ఒక ముసలామెను వరుసలో నడిపించి దర్శనం దాకా చేర్చాలి. మధ్యలో ఆమెకు కాళ్లు లాగుతాయి, దాహం వేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లతో మాటలు కలిపితేనే వరుస కదులుతుంది. మొదట నాతోనే ఆడించింది. నేను తెరమీది గోడలన్నీ తడిమాను.

"పక్కదారి యాడుండాదిమ్మా?"

"లేదు నాయనా."

"ఒక్క గేటు కూడా పెట్టలేదా?"

"గేటు పెడితే ఇంక ఆడేదానికి ఏముంటాది? నీకు ఫోన్ చేస్తే సాలు గదా!"

పొగిడిందనుకుని, ఆట మధ్యలోనే లేచి వెళ్లిపోయాను.

స్టూడియో వాళ్లకు ఆట నచ్చింది. చివరి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వద్దంటున్నా నేనూ వెంట వెళ్లాను. "కిందనే కాఫీ తాగతా ఉండు నాయనా, పైకి మాత్రం రావద్దు" అంది. కాఫీ తాగి పైకి వెళ్లాను. అక్కడ నిక్కరు వేసుకున్న ఒకాయన సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాడు. పలకరిస్తే తెలుగాయనే. మా అమ్మాయిని ఇంటర్వ్యూ చేయబోయేది కూడా ఆయనే. అంత దగ్గరి దారి కళ్లెదుట కనిపిస్తే నా నోరు ఆగుతుందా?

"సార్, తిరపతికి ఎప్పుడొస్తారో సెప్పండి. గది, దర్శనం అన్నీ నేను సూసుకుంటా. ఈడ మా పాపను రొంత మీరు సూసుకోండి."

ఆయన సీసాకు మూత బిగించాడు. "ఆ క్యూలైను ఆట చేసింది మీ పాపేనా?" అన్నాడు. గర్వంగా అవునన్నాను. వెంట తెచ్చిన లడ్డూల సంచి ఇవ్వబోతే తీసుకోలేదు. ఉపవాసమేమో అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆయనే అమ్మాయికి ఫోన్ చేశాడు. ఆటా, ఇంటర్వ్యూ రెండూ బాగున్నాయట. కానీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఇంటివాళ్లు ఏదైనా ఇవ్వజూపితే ఆ దరఖాస్తును పక్కన పెట్టాలని వాళ్ల నియమమట. అమ్మాయి నామీద అరవలేదు. "నా ఆట సివరిదాకా ఒక్కసారన్నా ఆడినావా నాయనా?" అని మాత్రం అడిగింది.

బంధువులు అడిగినప్పుడు, నా దర్శనం చెల్లని చోటు ఒకటుందని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "పాప తడబడినాది" అన్నాను. పక్కనే ఉన్న అమ్మాయి ఆ మాట విన్నది. నన్ను బయటపెట్టలేదు. నా బావమరిది జాలిపడి, నోరు తెరవాల్సిన అవసరం లేని ఉద్యోగమొకటి శ్రీ సిటీ ఫ్యాక్టరీలో చూసిపెట్టాడు.

ఇంతలో చెన్నైలో ఇంకో స్టూడియో ఆమెను ఇంటర్వ్యూకి పిలిచింది. బావమరిది చిత్తూరు నుంచి పరుగున వచ్చాడు.

"మాట రాని పిల్లను మళ్లీ యాడికి పంపిస్తావు బావా? శ్రీ సిటీ వాళ్లకు నేను మాటిచ్చినాను."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పాను. అతను నవ్వాడు.

"కూతురి తప్పు నెత్తినేసుకుంటా ఉండావులే. నువ్వు దర్శనం చేయిస్తానంటే వద్దనేవాడు ఉంటాడా?"

"ఉండాడప్పా. నా కండ్లతో సూసినాను."

"అట్లయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

మా వైపు ఇద్దరి మధ్య మాట తేలకపోతే కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడే ధైర్యం నాబోటివాడికి కూడా లేదు. చేస్తానన్నాను.

"సరే, సోమవారం పోదాం. లైన్లో నిలబడకుండా ఆడ ఎవరికన్నా సెప్పిపెట్టు బావా" అన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. సోమవారం పొద్దున్నే అమ్మాయి ఒక్కతే చెన్నై బస్సెక్కింది. కనీసం బస్టాండు దాకా వస్తానని కూడా నేను అనలేదు. మేమిద్దరం కాణిపాకంలో వరుస చివర నిలబడ్డాం. ఎంతసేపైనా వరుస కదలదు. బావమరిది నా మోచేతిని పొడుస్తూనే ఉన్నాడు.

"ఒక్క ఫోన్ కొట్టు బావా. నీకు తెలీనోళ్లు ఈడెవరు?"

ఫోన్ జేబులోనే ఉంచాను. మా ముందు ఒక ముసలామె కమ్మీ పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. చేతిలోని నీళ్ల సీసా ఆమెకిచ్చాను.

"ఏ ఊరు అవ్వా మీది?" అని అడిగాను.