అబ్రహాం అన్న బిగించిన ప్లగ్గు

2018 డిసెంబరు. ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చి కొన్ని నెలలే అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో నాకు గీజర్ల రిపేరు దుకాణం ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న హాస్టళ్లలో చలికాలం వచ్చిందంటే గీజర్లు ఒకదాని వెనక ఒకటి మొరాయిస్తాయి. మా వైపు బోరునీళ్లలో సున్నం ఎక్కువ. అది లోపల పేరుకుని కాయిల్‌ను తినేస్తుంది. పిల్లలు వణుకుతూ వార్డెన్ మీద పడతారు, వార్డెన్ నా మీద పడతాడు. డిసెంబరులో నా తిండీ నిద్రా నా చేతిలో ఉండవు.

అలాంటి ఒక శనివారం పొద్దున అబ్రహాం అన్న ఫోన్ చేశాడు.

"యాదగిరీ, జర సరూర్‌నగర్ రా తమ్మీ. బండిల హీటరు ప్లగ్గు ఇరిగింది. సాయంత్రం బయలెల్లాలె."

ఆయన గొంతు వినగానే చేతిలో ఉన్న పని పక్కన పెట్టాను. ఆ ప్రయాణం సంగతి నాకు తెలుసు.

అబ్రహాం అన్న సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్కడే కొడుకు, శామ్యూల్. పుట్టినప్పటి నుంచి అతనికి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే జబ్బు. చక్రాల కుర్చీయే లోకం. అయినా ముప్పై ఏళ్ల ఆ మనిషి ఊరికే కూర్చునే రకం కాదు. ఒంటివేలితో కోచింగ్ సెంటర్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసి పెడతాడు. "యాదన్నా, నువ్వు నీళ్లు వేడి చేసిచ్చిన పిల్లలకే నేను చెమటలు పట్టిస్తున్న" అని నన్ను ఆటపట్టించేవాడు. అతని ఒంటికి చలి పడదు. చన్నీళ్లు తగిలితే కండరాలు కర్రల్లా బిగిసి, నొప్పికి ఊపిరి కూడా సరిగ్గా ఆడదు. పడుకోబెట్టి ఆగకుండా వేడినీళ్లు పోస్తే మెల్లగా సడలుతాడు. అలాంటివాణ్ణి నాలుగు ఊళ్లు తిప్పాలని అన్న ఒక పాత వ్యాను కొని, క్యారవాన్‌గా మార్పించాడు. అంటే మంచం, స్నానాల గది, నీళ్ల ట్యాంకు అన్నీ ఉండి, ఇల్లులా వాడుకునే బండి. దాని వాటర్ హీటరు మాత్రం ఏదో విదేశీ బండి నుంచి ఊడదీసింది. ఆటోనగర్‌లో సినిమావాళ్ల వ్యాన్లు కట్టే షెడ్డులో దొరికితే, దాన్ని బిగించిపెట్టింది నేనే.

ఆ ఆదివారం శామ్యూల్ బాప్తిస్మం. వాళ్ల చర్చి పద్ధతిలో పెద్దయ్యాక, తనంతట తాను నిర్ణయించుకుని, నీళ్లలో నిండా మునిగి తీసుకోవాలి. శామ్యూల్ ఆరోగ్యం చూసి ఏళ్ల తరబడి వాయిదా వేశారు. చర్చిలో గోరువెచ్చని తొట్టిలో ఇస్తామని పాస్టరు అన్నారట. శామ్యూల్ ఒప్పుకోలేదు. మిర్యాలగూడ అవతల కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. అమ్మా నాన్నా మునిగిన చోటే తనూ మునుగుతానన్నాడు. అబ్రహాం అన్న చాలా రోజులు బిగుసుకుని కూర్చుని, చివరికి ఒక షరతు మీద దిగివచ్చాడు. బండి ఏటి ఒడ్డునే ఉండాలి, కొడుకు నీళ్లలోంచి రాగానే లోపల వేడినీళ్లు సిద్ధంగా ఉండాలి.

ఆ హీటరు ప్లగ్గే విరిగింది.

నేను వెళ్లేసరికి బండి ఇంటి ముందే ఉంది. సామాన్లు సగం ఎక్కించి ఆపేశారు. శామ్యూల్ తల్లి సువార్తమ్మ వదిన గుమ్మంలో కూర్చుని ఉంది. అన్న చేతిలో పెద్ద పానా ఉంది. హీటరు అడుగున సన్నగా నీళ్లు కారుతున్నాయి.

ఈ ప్లగ్గు గురించి కొంచెం చెప్పాలి. ట్యాంకులో నీళ్లు బయటికి వదలడానికి కింద ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని మూసే మరల బిరడానే డ్రెయిన్ ప్లగ్గు అంటాం. ఈ హీటరు ట్యాంకు అల్యూమినియం, ప్లగ్గేమో నైలాన్. పానా పట్టే తల భాగం మొత్తం ఊడి అన్న చేతికొచ్చేసింది. మరలున్న భాగం రంధ్రంలోనే ఇరుక్కుపోయింది.

"ఎట్ల ఇరిగిందన్నా?" అని అడిగాను.

"దానంతట అదే ఇరిగింది. ప్లాస్టిక్కు గదా, పాడు సామాను" అన్నాడు ఆయన ఎటో చూస్తూ.

ఊడిన తలను చేతిలోకి తీసుకున్నాను. మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. ఒక్కసారి తిప్పితే అరిగే అరుగుదల కాదది.

కుర్చీలోంచి శామ్యూల్ నవ్వాడు. "పొద్దుకొకసారి తిప్పుతడన్నా. నేను టిఫిన్ తిన్ననో లేదో అమ్మ చూస్తది, ప్లగ్గు వదులైందో లేదో డాడీ చూస్తడు. ఇయ్యాల పయనమని ఇంకింత గట్టిగ తిప్పిండు."

నాకు ఒళ్లు మండిపోయింది. "గిది బస్సు చక్రం నట్టు అనుకున్నవా అన్నా? చేత్తో బిగించి, ఇంకో సగం చుట్టు తిప్పి ఒదిలెయ్యమని బండి ఇచ్చిన్నాడే చెప్పిన గదా. ఇరిగిందాక బిగిస్తరా ఎవరన్న?"

జవాబు వదిన చెప్పింది. "మొన్న వానకాలం పయనంల ప్లగ్గు కారి ట్యాంకు ఖాళీ అయింది తమ్మీ. నడి తోవల నీళ్లు లెవ్వు. పిల్లగానికి ఒళ్లు బిగుసుకపోయి దవాఖానకు తీస్కపోయినం. గప్పటి సంది గాయనకు నిద్ర పడ్తలేదు."

ఆ సంగతి నాకు తెలియదు. పని మొదలుపెట్టాను.

ముందు కరెంటూ గ్యాసూ ఆపి, పైన ఉన్న సేఫ్టీ వాల్వ్ ఎత్తి లోపలి ఒత్తిడి వదిలేశాను. ఇలాంటి ప్లగ్గు తీయడానికి ఒక పద్ధతి ఉంది. చదును మూతి స్క్రూడ్రైవరును మంట మీద కాల్చి, ఇరుక్కున్న నైలాన్‌లోకి దింపాలి. అది కరిగి స్క్రూడ్రైవరు మూతిని పట్టుకుంటుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. అప్పుడు తిప్పితే మొత్తం కదిలి వస్తుంది. పని చిన్నదే, కష్టమంతా ఆగడంలో ఉంది.

వదిన గ్యాసుపొయ్యి మీద స్క్రూడ్రైవరు కాల్చి తెచ్చాను, దింపాను, చెయ్యి తీసి పక్కకు జరిగాను. అంతే, అబ్రహాం అన్న వంగి దాన్ని పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. మెత్తగా ఉన్న నైలాన్ పీచులు పీచులుగా చీలి స్క్రూడ్రైవరుతో వచ్చేసింది. ప్లగ్గు మాత్రం ఇసుమంతైనా కదలలేదు.

"అన్నా, నువ్వు జర దూరం జరుగు. నీకు దండం పెడ్త" అన్నాను. పెట్టింది దండమే గానీ, గొంతులో ఉన్నది తిట్టే.

ఆయన ముఖం మాడిపోయింది. పానా కింద పడేసి, "ఇగ ఒద్దు. బాప్తిస్మం వద్దు, ఏమొద్దు. పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి చెప్త" అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది, దానితో పాటు ఒక ఊరట కూడా ఉంది. నాకు స్పష్టంగా వినిపించింది. శామ్యూల్‌కు వినిపించకుండా ఎలా ఉంటుంది?

వదిన అడ్డుపడింది. "ఒడ్డు మీద పొయ్యి పెట్టి కాగబెడ్దాం. మనకు పొయ్యిలు తెల్వదా?"

"బకెట్లు మోసే దాంక గాలికి మల్ల బిగుసుకపోతడు. నావల్ల కాదు సువార్తా" అన్నాడాయన.

శామ్యూల్ అప్పటిదాకా ఆడిన వేళాకోళం మానేశాడు. "డాడీ, నా పక్కన కూసో" అన్నాడు. అన్న వెళ్లి కుర్చీ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "యాదన్న తీసిందాక లేవద్దు. వస్తే పోదాం, రాకుంటే నేనే అయ్యగారికి చెప్త. నువ్వు చెప్పొద్దు."

ఇక నేను రెండో దారి పట్టాను. హాక్సా బ్లేడు సగానికి విరిచి, ఒక కొసకు గుడ్డ చుట్టి, చీలిన ప్లగ్గు మధ్యలో పడిన గుంతలోంచి అంచు వైపుకు గాడి కోయడం మొదలుపెట్టాను. నైలాన్ తెగాలి, వెనక ఉన్న అల్యూమినియం మరలు తెగకూడదు. తెగాయంటే ట్యాంకే పోతుంది, అలాంటి ట్యాంకు హైదరాబాద్ అంతా గాలించినా దొరకదు. నాలుగు రుద్దులు రుద్దడం, టార్చి వేసి చూడటం, మళ్లీ రుద్దడం. నడుము పట్టేసింది. ఎదురెదురుగా రెండు గాడులు పడ్డాక మళ్లీ స్క్రూడ్రైవరు కాల్చి వాటిలోకి దింపాను.

ఈసారి చల్లారేదాకా అందరం అలాగే కూర్చున్నాం. అన్న చేతులు ఊరుకోవడం లేదు, ఒళ్లో పెట్టుకుని నలుపుకుంటున్నాడు. శామ్యూల్ తన వంకర వేళ్లు తండ్రి చేతి మీద ఆనించి ఉంచాడు. సరూర్‌నగర్ చెరువు వైపు నుంచి చల్లగాలి వస్తోంది. వదిన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని అర్థమైంది. మా యాదగిరిగుట్ట స్వామిని నేనూ తలచుకున్నాను.

స్క్రూడ్రైవరు ముట్టుకుంటే చల్లగా తగిలింది. మెల్లగా తిప్పాను. ముందు కిర్రుమంది, తర్వాత కదిలింది, ఆ తర్వాత చుట్లు చుట్లుగా బయటికి వచ్చింది. దాని వెనకే నీళ్లూ, తడి సున్నం లాంటి తెల్లటి మడ్డీ భళ్లున నా చొక్కా మీద పడ్డాయి. శామ్యూల్ గట్టిగా నవ్వాడు. "నాకంటే ముందు నీకే అయిందన్నా బాప్తిస్మం" అన్నాడు.

ట్యాంకు కడిగి, కొత్త ప్లగ్గు పెట్టాలి. అచ్చం అలాంటిది ఇక్కడ దొరకదు. వేడినీళ్ల ప్లాస్టిక్ పైపులకు నల్లా బిగించేదాకా గోడలో పెట్టే డమ్మీ ఉంటుంది కదా, ఆ సైజుదే సరిపోయింది. నీళ్లు కారకుండా దానికి తెల్ల టేపు చుడుతుంటే అన్న దగ్గరికొచ్చాడు.

"ఇత్తడిది పెట్టు తమ్మీ. ఇగ ఇరగది."

"ఇత్తడిది పెడితే అది అల్యూమినియంల పట్టేస్తదన్నా. ఇంకోసారి తియ్యబోతే ట్యాంకు పగుల్తది. ఇరిగితే ప్లగ్గే ఇరగాలె. అందుకే దాన్ని మెత్తగ చేస్తరు."

టేపు చుట్టిన డమ్మీని ఆయన చేతికే ఇచ్చాను. వేళ్లతో బిగించాడు. పానాతో సగం చుట్టు తిప్పాడు. పానా తీసేయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

"రేపటికి నువ్వు గూడ రావాలె" అన్నాడు చివరికి. హాస్టళ్ల వార్డెన్లంతా కళ్లముందు మెదిలారు. అయినా బండెక్కాను.

ఆదివారం పొద్దున ఏటి మీద మంచు ఇంకా విడలేదు. నలుగురు మనుషులు శామ్యూల్‌ను ప్లాస్టిక్ కుర్చీతో సహా నడుము లోతుకు మోసుకెళ్లారు. ఒకవైపు పాస్టరు, ఒకవైపు అబ్రహాం అన్న. నేను బండి తలుపు దగ్గర నిలబడ్డాను, లోపల హీటరు వేడెక్కి ఉంది. చన్నీళ్లకు శామ్యూల్ మెడ అప్పటికే బిగుస్తోంది. ముంచాల్సిన సమయానికి అన్న, కొడుకు చొక్కాను పిడికిట్లో పట్టుకుని వదలడం లేదు.

"అబ్రహామూ, చెయ్యి తియ్యి" అన్నారు పాస్టరు మెల్లగా. తీయలేదు.

పళ్లు టకటక కొట్టుకుంటుండగా శామ్యూల్ అన్నాడు, "డాడీ, పానా పక్కకు పెట్టు."

ఒడ్డు మీద ఉన్నవాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. నాకూ వదినకూ అర్థమైంది. అన్న పిడికిలి విడిపోయింది. శామ్యూల్ మునిగాడు. పైకి వచ్చినప్పుడు పెదవులు నీలంగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. పరుగున బండిలోకి తెచ్చి పడుకోబెట్టారు. వదిన వేడినీళ్లు పోస్తూ ఉంటే ఒక్కో వేలూ, ఒక్కో కీలూ సడలుతూ వచ్చింది. కళ్లనీళ్లు ఆగలేదు నాకు, చెప్పడానికి సిగ్గేముంది. బండి కింద వంగి చూస్తే ప్లగ్గు పొడిగా ఉంది. నా వెనకే అన్న కూడా వంగి చూస్తున్నాడు. ఆయన చేతిలో పానా లేదు.

ఆ తర్వాత ఏటా డిసెంబరులో ఆ హీటరు సున్నం కడగడానికి వెళ్లేవాణ్ణి. పానా కాస్త ఆనించగానే ప్లగ్గు సుళువుగా తిరిగి వచ్చేసేది. ఏడాది పొడుగునా ఎవరూ దాన్ని ముట్టుకోలేదని అదే చెప్పేది. అన్న పక్కన నిలబడి, "చూసినవా" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు. ఇద్దరం చాయ్ తాగి, బస్సుల కాలం ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం. ఆ చాయ్‌ల కోసమే డిసెంబరు కోసం ఎదురుచూసిన మాట నిజం.

నిరుడు వానాకాలంలో అబ్రహాం అన్న గుండెపోటుతో పోయాడు. డిసెంబరు వచ్చింది. శామ్యూల్ ఫోన్ చేస్తే వెళ్లాను. బండి కింద పడుకుని ప్లగ్గుకు పానా పెడితే జారింది. టార్చి వేసి చూశాను. మూలలు అరిగిపోయి గుండ్రంగా ఉన్నాయి.

బయటికి వచ్చేసరికి వదిన కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"మీ అన్న లేడు గదా తమ్మీ" అంది. "పొద్దుకొకసారి నేనే జర బిగిస్తున్న."

శామ్యూల్ నా వైపు చూశాడు, నేను అరుస్తానేమోనని. ఇన్నేళ్ల పనిలో ఏ మర ఎంత బిగించాలో నేర్చుకున్నాను. బిగించే చేతిని ఏమీ అనకూడదని నేర్పింది మాత్రం ఈ ఇల్లే.

స్క్రూడ్రైవరు కాల్చాను, దింపాను, చల్లారేదాకా ముగ్గురం కూర్చున్నాం. పాతది తీసి కొత్తది పెట్టాక, సంచిలో మిగిలిన డమ్మీలన్నీ వదిన చేతిలో పోశాను.

"బిగించుకో వదినా" అన్నాను. "ఇరిగితే నేనొస్త."